దాచండి.. కానీ నలుగురికీ చెప్పి!

దాచడం మనకి కొత్త విద్యేం కాదు. పోపుల డబ్బాలో మెంతుల కింద మడతపెట్టిన నోట్లు, బియ్యం డ్రమ్ము అడుగున గాజుల మూట, బీరువాలో పెళ్లినాటి పట్టుచీర మడతల మధ్య పోస్టాఫీసు పాసుపుస్తకం.. ఇవన్నీ మన అమ్మలు, అత్తలు చెప్పకుండానే నేర్పిపెట్టిన చదువులు. 2016 నవంబరులో పెద్దనోట్లు రద్దయినప్పుడు ఎన్ని ఇళ్లలో ఎన్ని డబ్బాలు బయటపడ్డాయో, ఎంతమంది ఇల్లాళ్లు సొంత కూడబెట్టుకి సంజాయిషీ చెప్పుకోవాల్సి వచ్చిందో మీకూ గుర్తుండే ఉంటుంది. మనం దాచిందల్లా ఎవరి కంటా పడకూడదని దాచాం. దొరకాలని దాచడం, అదీ ముక్కూ మొహం తెలియనివాళ్లకి దొరకాలని దాచడం ఒకటుందని విన్నప్పుడు మాత్రం నాకు భలే ఆశ్చర్యమేసింది.

ఆ ఆట పేరు జియోకాషింగ్. నీళ్లు చొరబడని ఒక డబ్బా తీసుకుంటారు. అందులో ఒక చిన్న పుస్తకం, పెన్సిలు, నాలుగు చిల్లరమల్లర వస్తువులు.. బొమ్మో, కీచెయినో, పూసల దండో పెడతారు. ఆ డబ్బాని ఏ చెట్టు తొర్రలోనో, రాళ్ల సందులోనో దాచి, అది ఉన్న చోటు అక్షాంశ రేఖాంశాలు జియోకాషింగ్ వెబ్‌సైట్లో నమోదు చేస్తారు. ఇక ఎవరైనా ఫోన్లో ఆ అంకెలు చూసుకుంటూ వచ్చి వెతుక్కోవచ్చు. దొరికితే పుస్తకంలో పేరూ తేదీ రాసి, డబ్బాని మళ్లీ ఉన్నచోటే పెట్టేసి వెళ్లాలి. లోపలి వస్తువేదైనా నచ్చి తీసుకుంటే దానికి తగ్గది ఇంకోటి పెట్టాలి. మన వాయనాల సంప్రదాయమే అనుకోండి. ఒట్టి చేతులతో పుచ్చుకుని వెళ్లడం ఉండదు.

దీని పుట్టుక కూడా తమాషాగానే ఉంటుంది. ఆకాశంలో తిరిగే జీపీఎస్ ఉపగ్రహాలు అమెరికా సైన్యానివి. మామూలు జనానికి అందే సంకేతాల్లో వాళ్లు కావాలనే కొంత తప్పు కలిపేవారు. దాంతో మనిషి ఒకచోట ఉంటే యంత్రం వంద మీటర్ల అవతల చూపించేది. 2000 మే నెల మొదట్లో క్లింటన్ ప్రభుత్వం ఆ కల్తీని తీసేసింది. రాత్రికి రాత్రి ఆ తేడా పది ఇరవై మీటర్లకి తగ్గిపోయింది. అదే నెల 3న ఆరెగాన్ రాష్ట్రంలో బీవర్‌క్రీక్ అనే ఊరి దగ్గర డేవ్ ఉల్మర్ అనే కంప్యూటర్ నిపుణుడు ఒక నల్ల బకెట్లో పుస్తకాలూ, వీడియోలూ, ఒక పంగలకర్రా పెట్టి అడవిలో దాచి, ఆ చోటు అంకెలు అందరికీ చెప్పేశాడు. నిజంగా దొరుకుతుందా లేదా చూద్దామని! దొరికింది. ఈరోజు ప్రపంచం మొత్తమ్మీద అలా దాచినవి ముప్పై లక్షలు దాటాయి. అసలు ఇంత యంత్రసాయం లేని రోజుల్లోనే, 1854లో, ఇంగ్లండులో డార్ట్‌మూర్ బీళ్లలో దారి చూపించే జేమ్స్ పెరట్ అనే ఆయన నడవలేనంత దూరంలో ఒక సీసా పెట్టి, అంతదూరం వచ్చినవాళ్లు తమ పేరు కార్డు అందులో వేసి వెళ్లేలా చేశాడు. మనిషికి వెతకడం మీద మోజు పోదు కాబోలు.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. మా ప్రగతి నగర్‌లో అంబీర్ చెరువుంది. ఆదివారం పొద్దున్నే కొందరం ఆడవాళ్లం దాని గట్టు మీద చెత్త ఏరడానికి వెళుతుంటాం. పెద్ద సంఘమేమీ కాదు, రిజిస్ట్రేషన్ లేదు, అధ్యక్షురాలు లేదు. చేతులకి తొడుగులు, నాలుగు గోనెసంచులు, ఫ్లాస్కులో టీ. మాలో ఒకమ్మాయి హైటెక్ సిటీలో ఉద్యోగం చేస్తుంది. వాళ్ల కంపెనీ పని మీద విదేశాలకి వెళ్లినప్పుడు ఈ ఆట అలవాటైందట. 'అక్కా, మన చెరువు దగ్గర ఒక డబ్బా దాద్దామా?' అంది. అంతే. ఆ ఒక్క మాట మీద మాలో నాలుగు వారాలు చర్చ నడిచింది. రిటైరైన టీచరుగారు 'మనకెందుకమ్మా లేనిపోని తద్దినం' అన్నారు. ఇంకో ఆవిడ 'చెరువు దగ్గరెందుకు, మనం శనివారాలు చదువు చెప్పే సర్కారు బడి గోడ పక్కన పెడితే పిల్లలు సరదా పడతారు కదా' అంది. వేరొకావిడ 'డబ్బాలో మన గుంపు కరపత్రాలు పెడదాం, ఎవరైనా దయగలవాళ్లు చందా ఇస్తారేమో' అని ఆశపడింది.

నేనడిగేది ఒకటే. మనం సేవ చేసే చోటికి దగ్గర్లో ఇలాంటిది దాచడం మంచిదా, కాదా? మంచిదే అంటాను. కాకపోతే ఆట ఆడే దేశాల్లో లాగా కాదు. మన ఊరికి తగ్గట్టు.

ముందు బడి సంగతి. అది వద్దని నేను మొదటి రోజే అన్నాను. ఆట నియమాలు కూడా అదే చెబుతాయి. బడులు, ప్రభుత్వ భవనాలు, ఆనకట్టలు, వంతెనలు, విమానాశ్రయాలు.. వీటి చుట్టుపక్కల పెట్టడాన్ని వాళ్లు మొదటినుంచీ వారిస్తున్నారు. (చెరువు కట్ట ఆనకట్ట కిందికొస్తుందా రాదా అని మా టీచరుగారు పాయింటు లాగారు. అందుకే కట్ట రాళ్లలో కాదు, నడకదారి పక్కన చూసుకుందామని తీర్మానించుకున్నాం.) నియమం లేకపోయినా సరే, ఒక్కసారి ఆలోచించండి. పిల్లలుండే చోటు అంకెలు తీసుకెళ్లి ప్రపంచమంతా చూసే చోట పెట్టి, రండి, ఇక్కడ తచ్చాడండి అని పిలవడం ఏం తెలివి? వృద్ధాశ్రమాలు, ఆడపిల్లల హాస్టళ్లు, కష్టాల్లో ఉన్న ఆడవాళ్లకి ఆశ్రయమిచ్చే ఇళ్లు.. వీటికీ ఇదే మాట. అక్కడ ఉండేవాళ్లు తమ చిరునామా నలుగురి నోట్లో పడకూడదనే అక్కడున్నారు. మనం వారానికి రెండు గంటలు వెళ్లి సేవ చేస్తున్నాం కాబట్టి ఆ గోడ మీద మనకేదో హక్కొచ్చిందని అనుకోకూడదు. ఈ ఆట తెలియనివాళ్లలో కూడా ఈ పొరపాటు ఉంది. ఆశ్రమంలో పిల్లలతో ఫొటోలు దిగి వెంటనే స్టేటస్‌లో పెట్టేస్తారు, పేరూ ఊరూతో సహా. అదీ ఒక రకంగా అంకెలు నమోదు చేయడమే.

చెరువు వేరు. అది అందరిదీ. అక్కడికి మనిషి రావాలి. రాకపోవడమే దానికి జబ్బు.

హైదరాబాదు చెరువుల కథ మీకు నేను చెప్పక్కర్లేదు. ముందు ఆవులు రావడం మానేస్తాయి, తర్వాత చాకిరేవు పోతుంది, తర్వాత మనుషులు ముక్కు మూసుకుని పక్కనుంచి వెళ్లిపోతారు. ఎవరూ చూడని చెరువు అంచు రాత్రికి రాత్రి లారీల మట్టి దిబ్బ అయిపోతుంది. 2020 అక్టోబరు వానలకి నగరంలో ఎన్ని కాలనీల్లో మొదటి అంతస్తు దాకా నీళ్లొచ్చాయో చూశాం కదా. నీటికి దాని దారి గుర్తుంటుంది, మనకే ఉండదు. 2024లో ప్రభుత్వం హైడ్రా అని ఒక విభాగమే పెట్టాల్సి వచ్చింది. ప్రభుత్వాలు యంత్రాలతో కూలగొట్టగలవు. కానీ ఈ వారం చెరువు అంచు పోయిన వారం ఉన్నచోటే ఉందా అని చూసే కళ్లు ఎక్కణ్ణుంచి తెస్తాయి? ఆదివారం వచ్చే పదిమందిమి ఎంత చూడగలం? అదే ఒక డబ్బా వెతకడానికి వచ్చిన మనిషి ఉన్నాడనుకోండి, అతను మామూలుగా నడిచి వెళ్లిపోడు. ప్రతి రాయి పక్కనా చూస్తాడు. పొద వెనక తొంగి చూస్తాడు. నీళ్ల వాసన, గుర్రపుడెక్క ఎంత దూరం పాకిందో, ఎక్కడ కొత్తగా పైపు తెరిచారో అతని కళ్ల నుంచి తప్పించుకోవు. చూడమని చెప్పకుండా చూసేలా చేయడం.. ఈ ఆటలో నాకు నచ్చింది అదే.

పైగా ఆ ఆటవాళ్లలో 2002 నుంచీ ఒక మంచి అలవాటుంది. డబ్బా కోసం వచ్చినప్పుడు దారిలో కనిపించిన చెత్త ఏరుకుని వెళ్లడం. దానికి ప్రత్యేకంగా కలిసే రోజులు కూడా పెట్టుకుంటారు. చెత్త ఏరే గుంపుకి ఇంతకన్నా మంచి చుట్టాలెవరు దొరుకుతారు చెప్పండి!

ఇక చందాల సంగతి. ఇక్కడ నియమం మా ఆవిడ ఉత్సాహం మీద నీళ్లు చల్లింది. డబ్బా పేరుతో వ్యాపారం చేయకూడదు, మతప్రచారం, రాజకీయం సరేసరి, ఆఖరికి ధర్మకార్యానికి కూడా ప్రచారం చేయకూడదట. 'మా సంఘంలో చేరండి, విరాళం ఇవ్వండి' అని ఒక్క ముక్క రాసినా తిప్పి పంపేస్తారు. ప్రతి డబ్బానీ ముందు ఒక పరిశీలకుడు చూసి ఒప్పుకుంటేనే అది పటంలో కనిపిస్తుంది. అన్నట్టు ఆ పరిశీలకులు కూడా జీతాల్లేని వాలంటీర్లే. మా గుంపులో చాలామందికి ఈ నియమం మింగుడు పడలేదు. 'మంచి పని గురించి చెప్పుకుంటే తప్పేంటి?' అని. నాకైతే ఆ నియమమే ముద్దొచ్చింది. మన దగ్గర సేవ అంటే ముందు ఫ్లెక్సీ, తర్వాత సేవ. నాలుగు మొక్కలు నాటితే ఆరుగురి మొహాలతో బ్యానరు. మొక్క ఎండిపోయాక కూడా బ్యానరు ఉంటుంది, అదీ చెట్టుకి మేకులు కొట్టి. పదిమందికి అన్నం పెట్టి పదకొండుమంది ఫొటోలో ఉంటాం. అలాంటిది మనం ఎవరమో, ఏం చేశామో ఒక్క మాటా చెప్పకుండా, ఇదిగో ఈ చోటు ఇంత బాగుంది, వచ్చి చూడండి అని మాత్రమే చెప్పగలగడం.. ఎంత హాయిగా ఉంటుందో కదా. చోటు బాగాలేకపోతే? అప్పుడూ వాళ్లే చూస్తారు. మనం బాకా ఊదనక్కర్లేదు.

ఇంతవరకూ బాగానే ఉంది. అసలు భయం ఇంకోటుంది.

ఇది హైదరాబాదు. 2007 ఆగస్టు 25న లుంబినీ పార్కులో, గోకుల్ చాట్‌లో ఏం జరిగిందో, 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లో ఏం జరిగిందో ఇక్కడ ఎవరూ మర్చిపోలేరు. ఆ తర్వాత ఎన్నేళ్లో బస్టాపులో దిక్కులేని టిఫిను డబ్బా కనిపిస్తే మనం పది అడుగులు వెనక్కి వేసేవాళ్లం. అనుమానం వచ్చే వస్తువుని తాకవద్దు, పోలీసులకి చెప్పండి అని స్టేషన్లలో, హాళ్లలో ఇప్పటికీ మైకుల్లో వింటూనే ఉన్నాం. అలాంటి ఊళ్లో పొద చాటున డబ్బా పెట్టి, దాన్ని అటూ ఇటూ చూసి గబుక్కున తీసి మళ్లీ పెట్టేసే మనిషిని చూస్తే ఎవరికైనా ఏమనిపిస్తుంది? అంతెందుకు, ఇంగ్లండులో వెదర్బీ అనే చిన్న పట్టణంలో 2011లో ఇలాగే ఒకతను కాఫీ హోటలు బయట పూలతొట్టి దగ్గర ఏదో తడుముతుంటే చూసినవాళ్లు ఫోన్ చేశారు. వీధులు ఖాళీ చేయించి, సైన్యం వాళ్లొచ్చి ఆ డబ్బాని పేల్చేశారు. తీరా చూస్తే ఆట డబ్బా! తెల్లదేశంలోనే ఆ సంబరం జరిగితే మన దగ్గర చెప్పాలా?

ఈ ముక్క నాకు వెదర్బీ కథ చదివినప్పటికంటే మా గట్టు ఊడ్చే ఆవిడ మాట విన్నప్పుడు బాగా తలకెక్కింది. మా చర్చ మొత్తం ఆవిడ చీపురు మీద చెయ్యి ఆనించి వింటూనే ఉంది. చివరికి 'గట్లెట్ల పెడతరమ్మా డబ్బా? రేపు పోలీసోళ్లొస్తే మిమ్మల్ని అడుగుతరా? నన్నే అడుగుతరు. పొద్దుగాల్ల ఇక్కడుండేది నేనే కదా' అంది. మేమంతా గేటెడ్ కమ్యూనిటీల నుంచి కారుల్లో వచ్చి కారుల్లో వెళ్లేవాళ్లం. అనుమానం వస్తే పోయేది ఆవిడ పని, వాచ్‌మన్ పని, గట్టు చివర బజ్జీల బండివాడి చోటు. నాలుగు వారాలు మాట్లాడుకున్న పదిమంది గ్రాడ్యుయేట్లకి తట్టని మాట అది.

ఈ ఆటలో ఆడనివాళ్లని వెక్కిరింతగా 'మగుల్స్' అంటారట. హ్యారీ పాటర్ కథల్లో మంత్రాలు రానివాళ్లకి ఆ పేరు. మగుల్స్ కంటపడకుండా డబ్బా తీసి పెట్టడంలోనే మజా ఉందంటారు. విదేశాల్లో పార్కుల్లో ఆ మజా బాగానే ఉంటుందేమో. మన దగ్గర మాత్రం ఈ ఒక్క నియమాన్ని తిరగేయాలి. ఊడ్చే ఆవిడకి తెలియాలి. వాచ్‌మన్‌కి తెలియాలి. బజ్జీల బండివాడికీ, నడకకొచ్చే పెద్దాయనలకీ, బీటు కానిస్టేబుల్‌కీ తెలియాలి. స్థలం ఎవరి అధీనంలో ఉంటే వాళ్ల అనుమతి ఎలాగూ తీసుకోవాలి, అది ఆటలోనూ ఉన్న నియమమే. ప్రగతి నగర్ ఒకప్పుడు సొంత పంచాయతీ, 2019లో నిజాంపేట కార్పొరేషన్లో కలిసింది, తర్వాత బోర్డులు ఎన్ని మారినా ఆఫీసులో ఒక అర్జీ పెట్టి ముద్ర వేయించుకోవడం మనకి తెలియని పనేం కాదు. రేషన్ కార్డుల దగ్గర్నుంచీ చేస్తున్నదే! డబ్బా లోపలున్నది బయటికి కనిపించేలా ఉండాలి. దాని మీద ఇది ఆట డబ్బా అని తెలుగులో, హిందీలో, ఇంగ్లీషులో పెద్దక్షరాలతో రాసి ఉండాలి. అంతమందికి తెలిస్తే ఇంకేం రహస్యం అని మా అమ్మాయి నసిగింది. వెతికేవాళ్లకి రహస్యం ఉంటే చాలు కదా. పక్కనుండేవాళ్లకి ఎందుకు? మన ఇంట్లో దాగుడుమూతలు ఆడినప్పుడు అమ్మమ్మ మంచం కింద మనం ఉన్నామని అమ్మమ్మకి తెలుసు. ఆవిడ నవ్వాపుకుంటూ కూర్చునేది. ఆట ఏం పాడైంది?

ఇంకో మాట కూడా ఉంది. ఇది ఆడవాళ్ల పేజీ కాబట్టి మొహమాటం లేకుండా చెబుతాను. మనం వీధిలోకి ఊరికే వెళ్లం. కూరగాయలకి వెళతాం, పిల్లల్ని దింపడానికి వెళతాం, గుడికి వెళతాం, వాకింగ్ అంటే వాకింగే, అదీ బూట్లు తొడుక్కుని, గబగబా, డాక్టరు చెప్పాడని. ఏ పనీ లేకుండా చెరువు గట్టు మీద కాసేపు నిలబడిన ఆడమనిషిని ఎప్పుడైనా చూశారా? మగవాళ్లు బైకు ఆపి గంటలకొద్దీ కబుర్లు చెప్పుకుంటే ఎవరూ ఎందుకని అడగరు. ముంబయిలో ముగ్గురు ఆడవాళ్లు ఇదే సంగతి మీద పరిశోధన చేసి 2011లో 'వై లాయిటర్?' అని ఏకంగా పుస్తకమే వేశారు. నగరంలో ఊరికే తిరగడానికి ఆడవాళ్లకి హక్కుండాలని. తెలంగాణలో 2014 నుంచీ షీ టీమ్స్ ఉన్నాయి, మంచిదే. కానీ పోలీసుల కాపలాలో నిలబడటం వేరు, తోచినప్పుడు నిలబడటం వేరు. తెలంగాణ ఆడవాళ్లు ఏ భయం లేకుండా చెరువుకి కదిలేది బతుకమ్మ పండక్కి. ఆ రోజుల్లో గట్టంతా మనదే. పూలు నీళ్లలో వదిలేశాక మళ్లీ ఏడాది దాకా ఆ వైపు పోం.

డబ్బా వెతకడం అనేది ఒక నెపం. నెపం కావాల్సి రావడం బాధే, కాదనను. కానీ ఉన్న పరిస్థితిలో నెపం కూడా పనికొస్తుంది. తల్లీ కూతుళ్లో, ఇద్దరు స్నేహితురాళ్లో ఫోను చేత్తో పట్టుకుని 'ఇంకో ఎనిమిది మీటర్లు.. కాదు, వెనక్కి' అనుకుంటూ చెరువు పక్కన అరగంట గడిపారంటే, ఆ అరగంట వాళ్లది. అయితే దాచేవాళ్లు ఆ ఇద్దరినీ మనసులో పెట్టుకుని చోటు వెతకాలి. ఇది మగవాళ్లు దాచినప్పుడు మర్చిపోయే విషయమని నా అనుమానం. పాము దూరే రాళ్లలో, మోకాలి లోతు గడ్డిలో, దీపం లేని మలుపులో, మందుబాబులు చేరే మూలలో పెట్టకూడదు. వంగితే వెనక ఎవరున్నారో కనిపించే చోటై ఉండాలి. చంకలో పసిపిల్ల ఉన్నా చెయ్యి అందాలి. నీళ్లకి దూరంగా ఉండాలి. పిల్లలు ఫోను చూస్తూ నడుస్తారు, కాళ్ల కింద చూడరు. ఆ చోటు ఏదో పటం చూస్తే తెలియదు. వారం వారం అక్కడ పనిచేసేవాళ్లకే తెలుస్తుంది.. పొద్దున ఎండ ఎటు పడుతుందో, వానకి నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో, వినాయక నిమజ్జనం రోజుల్లో లారీలూ క్రేనులూ ఎటు నిలబడతాయో. సేవ చేసే చోటు పక్కనే దాచమనడంలో ఉన్న సబబు నాకు ఇక్కడే కనిపిస్తుంది.

కొలతల గురించి రెండు ముక్కలు. మా ప్రగతి నగర్ రమారమి 17.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 78.4 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది. ఆటకి అది చాలదు. డిగ్రీలో అరవయ్యో వంతు నిమిషం, ఆ నిమిషాన్ని మళ్లీ వెయ్యి ముక్కలు చేస్తే ఒక్కో ముక్క సుమారు రెండు మీటర్లు. అంత దగ్గరగా రాయాలి. ఎత్తైన అపార్టుమెంట్ల మధ్య ఫోను తికమక పడుతుంది కాబట్టి వేర్వేరు రోజుల్లో నాలుగైదుసార్లు చూసి రాసుకోవాలి. రెండు డబ్బాల మధ్య కనీసం 161 మీటర్లు ఉండాలి. గుంత తవ్వి పాతిపెట్టకూడదు. తినే వస్తువులు పెట్టకూడదు, చీమలూ ఎలుకలూ కుక్కలూ వదలవు. చాకులు, అగ్గిపెట్టెలు, మందులు అసలే వద్దు. పదో తరగతి భూగోళంలో అక్షాంశ రేఖాంశాలు బట్టీపట్టి పరీక్ష రాసి మర్చిపోయిన మనకి అవి మన చెట్టు దగ్గరికి దారి చూపించడం చూస్తే సరదాగానే ఉంటుంది.

అన్నిటికన్నా కష్టం తర్వాతి రోజులు. దాచడం ఒక్కపూట పని. చూసుకోవడం ఏళ్లకేళ్ల పని. వానకి తడిసిన పుస్తకం మార్చాలి. డబ్బా మూత విరిగితే కొత్తది పెట్టాలి. దొరకలేదని ఎవరైనా రాస్తే వెళ్లి చూడాలి. ఊరు మారిపోతే ఇంకొకరికి అప్పగించాలి, లేదా తీసేయాలి. అందుకే సెలవలకి వెళ్లిన ఊళ్లో దాచి వచ్చేస్తానంటే ఆ పరిశీలకులు ఒప్పుకోరు. దిక్కులేని డబ్బా చివరికి చెత్తే. ప్లాస్టిక్ సంచులు వద్దని పంచాయతీ రోజుల్లోనే పట్టుబట్టి పేరు తెచ్చుకున్న ఊరు మాది. ఆ ఊళ్లో చెత్త ఏరేవాళ్లమే ఇంకో ప్లాస్టిక్ డబ్బా వదిలేస్తే నవ్విపోతారు. కాబట్టి మా గుంపులో అందరినీ ఒకటే అడిగాను. రెండేళ్లు చూసుకుంటారా? చూసుకుంటామన్నవాళ్లు ముగ్గురే తేలారు. ముగ్గురు చాలు. చెత్త ఏరడానికి ఎలాగూ వెళుతున్నాం, రెండడుగులు పక్కకి వేసి మూత తీసి చూడటం పెద్ద పనేం కాదు.

ఇంట్లో ఒక ప్రశ్న వచ్చింది, మీ ఇళ్లలోనూ వస్తుంది. 'దీనివల్ల ఏంటి లాభం?' అని. ఏమీ లేదు. డబ్బు రాదు, సర్టిఫికెట్ రాదు, పిల్లల మార్కులు పెరగవు. ప్రగతి నగర్ నుంచి రోజూ వేలమంది పొద్దున్నే హైటెక్ సిటీకి పరిగెడతారు. 1998లో సైబర్ టవర్స్ కట్టినప్పటినుంచీ ఈ పరుగు పెరుగుతూనే ఉంది, 2017లో జేఎన్టీయూ దాకా మెట్రో వచ్చాక కూడా తగ్గలేదు. పక్క బ్లాకులో ఎవరున్నారో తెలియదు. మన చెరువు పేరు మన పిల్లలకే తెలియదు, అదంతా 'లేక్ వ్యూ'. ఫ్లాటు ధరలో అదో అదనం. ఎక్కడో చెన్నై నుంచో జర్మనీ నుంచో వచ్చిన మనిషి మన గట్టు మీద నిలబడి పుస్తకంలో పేరు రాసి వెళితే దాన్ని లాభం అనాలో ఏమనాలో నాకు తెలియదు గానీ, ఆ పుస్తకం తెరిచి చదవాలని మాత్రం నాకు బోలెడంత ఆశగా ఉంది.

అర్జీ రాసి ఉంచాం. చోటు కూడా దాదాపు కుదిరింది. ఊడ్చే ఆవిడే చూపించింది, మేము అనుకున్న చెట్టు కాదు, దానికి ఎడమవైపుది. 'గీ చెట్టుకు ఎవరూ ఉచ్చ పొయ్యరు' అందావిడ. దానికి మించిన అర్హత ఏం కావాలి! వానలు తగ్గి, నిమజ్జనాలూ బతుకమ్మా అయ్యాక పెడదామని అనుకున్నాం. ఈలోగా డబ్బా ఎంపిక నా వంతు. వంటింట్లో ఉన్న డబ్బాల్లో ఒక్కోదాంట్లో టిష్యూ కాగితం పెట్టి మూత బిగించి రాత్రంతా నీళ్ల బకెట్లో ముంచి చూస్తున్నాను. ఇప్పటికి మూడు తప్పాయి, అందులో ఒకటి 'ఎయిర్ టైట్' అని ఎక్కువ ధర పెట్టి కొన్నది. నాలుగోది మా అత్తగారి ఊరగాయ డబ్బా. మంగళవారం రాత్రి ముంచాను, ఇవాళ శుక్రవారం, కాగితం ఇంకా పొడిగానే ఉంది. అత్తగారికి ఇంకా చెప్పలేదు.